నీమో పక్కకు ఒరిగి పడుకుంటే జబ్బేనా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల అందిన ప్రశ్నలలో ఎక్కువ భాగం క్లౌన్‌ఫిష్ గురించినవే కావడంతో ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ చేపకే కేటాయించాము. నారింజ రంగు ఒంటి మీద మూడు తెల్ల పట్టీలు ఉండే ఈ చేపను మన దుకాణాలలో ‘నీమో’ అనే పిలుస్తారు. ఎక్కువగా అమ్ముడయ్యే రకం శాస్త్రనామం ఆంఫిప్రియాన్ ఒసెల్లారిస్. గోల్డ్‌ఫిష్‌నో గప్పీలనో పెంచిన అలవాటుతో ఉప్పునీటి తొట్టి పెట్టినవారికి దీని నడవడి చాలావరకు జబ్బులాగే కనిపిస్తుంది. ఉత్తరాలు చదువుతుంటే చేపల కంటే వాటి యజమానులే ఎక్కువ నలిగిపోతున్నట్టు తోచింది.

ప్రశ్న: మా 110 లీటర్ల ఉప్పునీటి తొట్టిని రెండు నెలలపాటు చేపలు లేకుండా నడిపించి, నెలన్నర క్రితం రెండు చిన్న క్లౌన్‌ఫిష్‌లను తెచ్చాము. అవి తొట్టి అంతా తిరగవు. పైభాగంలో ఒక మూలన ఉండి, ముందుకు సాగకుండా ఉన్నచోటనే ఒళ్ళంతా ఊపుతూ ఈదుతాయి. రాత్రి దీపం ఆర్పాక పెద్దది నీటి పైభాగాన పక్కకు ఒరిగి తేలుతుంది. మంచినీళ్ళకని లేచిన మా అత్తగారు దాన్ని చూసి ప్రాణం పోతోందన్నారు. తెల్లవారాక మాత్రం మామూలుగా మేత తింటోంది. ఇది జబ్బా? – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: కాదండీ. తెల్లవారాక మామూలుగా తింటోందని మీరే రాశారు. నేను మొదట అడగవలసిన ప్రశ్నకు అదే జవాబు. అత్తగారు చూసింది నిద్ర. చేపలకు కనురెప్పలు ఉండవు కాబట్టి కళ్ళు తెరిచే నిద్రపోతాయి, అందుకే చూసేవారికి ఆ భంగిమ భయం గొలుపుతుంది. క్లౌన్‌ఫిష్‌లలో కొన్ని అడుగున ఇసుక మీద ఒరుగుతాయి, కొన్ని తల పైకెత్తి నిలువుగా ఉంటాయి, మరికొన్ని మీ చేపలాగా నీటి పైభాగాన మూలకు చేరి పక్కకు వాలి ప్రవాహానికి కొద్దికొద్దిగా ఊగుతుంటాయి. ఈసారి గదిలో దీపం వేసి ఒకటి రెండు నిమిషాలు చూడండి. నిద్రపోతున్న చేప కాస్త తికమకగా కదిలి, రెక్కలు విప్పి, నిటారుగా సర్దుకుంటుంది. జబ్బుతో ఒరిగిన చేప వెలుతురు పడినా నిటారు కాలేదు, పగటిపూట కూడా అలాగే ఉంటుంది.

ఇక ఉన్నచోటనే ఊగడం. పగడపు దిబ్బలలో ఈ చేప తన జీవితాన్ని దాదాపు ఒకే సీ ఎనిమోన్ (రాళ్ళను అంటిపెట్టుకుని పువ్వులా చేతులు చాచే సముద్రజీవి) చుట్టూ, కొద్ది మీటర్ల పరిధిలో గడుపుతుంది. ఆపద వస్తే దూరంగా పారిపోదు, వెంటనే ఎనిమోన్ చేతుల మధ్య దూరుతుంది. అలా బతికే చేపకు వేగంతో అంతగా పని లేదు. తోక చివర గుండ్రంగా ఉంటుంది, పక్కరెక్కలతో తెడ్డు వేసినట్టు ఈదుతుంది, ఒళ్ళంతా అటూ ఇటూ తిప్పుకుంటుంది. ఇంగ్లీషులో దానికి ‘విదూషకుడి చేప’ అనే పేరు రావడానికి రంగులతో పాటు ఈ నడక కూడా కారణమంటారు. తొట్టిలో ఎనిమోన్ లేనప్పుడు అది ఒక మూలనే ఇల్లుగా ఎంచుకుంటుంది. మీకు నాలుగడుగుల తొట్టి ఉన్నా సరే, అందులో అది వాడుకునేది ఒక జానెడే కావచ్చు. మిగతా నీరు వృథా అనుకోకండి: నీరు ఎంత ఎక్కువగా ఉంటే దాని స్వచ్ఛత అంత నిలకడగా ఉంటుంది.

అయితే ఒక్క విషయం గమనించండి. ఆ మూల నీటి పైభాగాన ఉందని రాశారు. చేప నోరు నీటి ఉపరితలానికి ఆనించి పదే పదే గుటకలు వేస్తుంటే అది ప్రాణవాయువు కొరతకు గాని, మొప్పల వ్యాధికి గాని సూచన. అలా లేకపోతే నిశ్చింతగా ఉండవచ్చు.

ప్రశ్న: రెండు క్లౌన్‌ఫిష్‌లనూ ఒకే రోజు, ఒకే పరిమాణంలో కొన్నాము. నాలుగు నెలలలో ఒకటి బాగా పెరిగింది, రెండోది అలాగే ఉండిపోయింది. పెద్దది దగ్గరికి వస్తే చిన్నది ఒక పక్కకు వంగి ఒళ్ళంతా గజగజ వణుకుతుంది. ఇది మూర్ఛ లాంటిదా? ఒక్కోసారి పెద్దది తరుముతుంది కూడా. వేరు చేయాలా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వేరు చేయకండి. మీ తొట్టిలో జరుగుతున్నది జోడీ కట్టడం. ఈ వణుకును నేను మొదటిసారి చూసినప్పుడు రాత్రంతా తొట్టి ముందు కూర్చుని, పొద్దున్నే ఏదో మందు తెచ్చి నీటిలో పోశాను. అందులో రాగి ఉందని సీసా మీది చిన్న అక్షరాలు చదివేసరికి తొట్టిలోని నత్తలన్నీ చచ్చిపోయాయి. చేపకు ఏ జబ్బూ లేదు, ఆ తరువాత చాలా ఏళ్ళు బతికింది.

క్లౌన్‌ఫిష్‌లన్నీ పుట్టుకతో ఆడా మగా కాని పిల్లలు. పెరిగేటప్పుడు ముందు మగవి అవుతాయి. ఒక గుంపులో అన్నిటికంటే పెద్దదే ఆడది అవుతుంది. దాని తరువాతి పరిమాణంలోనిది దాని మగతోడు. సముద్రంలో అదే ఎనిమోన్‌లో ఇంకా రెండు మూడు చిన్న చేపలు ఉంటే అవి జత కట్టకుండా తమ వంతు కోసం కాచుకుని ఉంటాయి. ఆడది చనిపోతే మగది ఆడదిగా మారుతుంది, వరుసలో తరువాతిది మగది అవుతుంది. ఈ మార్పుకూ పెద్దరికం చెలాయించడానికీ ఉన్న సంబంధాన్ని ఫ్రికే దంపతులు 1977లోనే నేచర్ పత్రికలో వివరించారు. నాకు అంతకంటే ఆశ్చర్యంగా తోచేది 2003లో పీటర్ బస్టన్ అదే పత్రికలో వెల్లడించిన సంగతి. పాపువా న్యూగినీ తీరంలో, ఒసెల్లారిస్‌కు దగ్గరి బంధువైన పెర్క్యులా చేపలను ఆయన పరిశీలించినప్పుడు, చిన్న చేప తన పైదాని పరిమాణాన్ని ఎన్నడూ అందుకోకుండా తన పెరుగుదలనే అదుపులో పెట్టుకుంటుందని తేలింది. పైచేపతో సమానమైతే అది తన్ని తగిలేస్తుంది, ఎనిమోన్ దాటి బయటపడితే మరొక చేప నోట పడుతుంది. కాబట్టి మీ చిన్న చేప ఎదగకపోవడం మేత చాలకపోవడం వల్ల కాదు. దానికి విడిగా ఎక్కువ మేత వేసి పెద్దదానితో సమానం చేయాలని చూడవద్దు.

ఆ వణుకు పెద్దరికాన్ని ఒప్పుకోవడానికి గుర్తు. మనవైపు పెద్దలు ఎదురైతే భుజం మీది కండువా తీసి ఒదిగి నిలబడటం లాంటిదే. గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు గాజుకు చెవి ఆనిస్తే తరిమే వేళ చిన్నగా టిక్కు టిక్కుమని చప్పుడు కూడా వినిపించవచ్చు. బెల్జియంలోని లియేజ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎరిక్ పార్మాంటియే బృందం 2007లో, ఈ చేపలు దవడలను చప్పున మూసి పళ్ళను తాకించి ఆ ధ్వని పుట్టిస్తాయని చూపింది.

ఎప్పుడు వేరు చేయాలంటే, చిన్నదాని తోక అంచులు చిరిగి పీలికలైనప్పుడు, అది మేత దగ్గరికి రాలేక తొట్టి పై మూలన అంటుకుపోయినప్పుడు, లేదా వణికి లొంగిపోయిన తరువాత కూడా పెద్దది వదలకుండా కొరుకుతున్నప్పుడు. లొంగగానే తరమడం ఆగిపోతుంటే అది కాపురం చేస్తున్న జోడీ. మూడో దాన్ని మాత్రం తేవద్దు. ఇంటి తొట్టిలో పారిపోయే చోటు ఉండదు కాబట్టి మూడోది సాధారణంగా దెబ్బలు తిని చనిపోతుంది.

ప్రశ్న: మా చేప హీటర్‌కు ఒళ్ళు రుద్దుకుంటుంది, అద్దం తుడిచే బ్రష్ నీళ్ళలో వదిలితే దాన్ని అంటిపెట్టుకుని పడుకుంటుంది. ఎనిమోన్ కోసం బెంగ పెట్టుకుందా? కొనమంటారా? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: బెంగ ఏమీ లేదు, కొననూ వద్దు, కనీసం ఇప్పుడే. హేచరీలో (చేపపిల్లలను పెంచే కేంద్రంలో) పుట్టి పెరిగిన పిల్లలు ఎనిమోన్‌ను జన్మలో చూసి ఉండకపోవచ్చు. మన దేశంలో కూడా కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వీటిని హేచరీలో గుడ్ల దశ నుంచి పెంచే పద్ధతిని రూపొందించింది. అయినా దూరే గుణం వాటిలో ఉండిపోతుంది కాబట్టి హీటర్, నీటిని కదిలించే వేవ్ మేకర్, నాచు కుచ్చు, చివరకు పాచిపట్టిన పీవీసీ గొట్టం – ఏది మెత్తగానో నిలకడగానో దొరికితే దాన్ని సొంతం చేసుకుంటాయి. హీటర్ చుట్టూ ప్లాస్టిక్ జాలీ తొడిగితే చాలు.

ఎనిమోన్ చేతులలో కుట్టే కణాలు ఉంటాయి. క్లౌన్‌ఫిష్ ఒంటి మీది జిగురుపొర వల్ల ఆ కణాలు దాన్ని కుట్టవు. ఆ పొర ఎనిమోన్‌ను మెల్లమెల్లగా తాకుతూ అలవాటు పడేకొద్దీ బలపడుతుందని గమనించారు. చేపకు ఈ ఏర్పాటు ఉంది గాని మీ కొత్త తొట్టికి లేదు. ఎనిమోన్‌కు గట్టి వెలుతురు, నిలకడ గల నీరు కావాలి. నచ్చకపోతే నడుచుకుంటూ పోయి పంపు జాలీలో చిక్కుకుని ఛిద్రమై, ఒక్క రాత్రిలో నీటినంతా పాడుచేస్తుంది. తొట్టికి ఏడాది నిండాక ఆలోచించండి. ఇక బతికున్న పగడాన్ని ఎవరైనా చవకగా ఇస్తామంటే తీసుకోవద్దు; దిబ్బలు కట్టే పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి.

ప్రశ్న: తొట్టిలో చేయి పెడితే పెద్ద చేప కొరుకుతోంది. వారం రోజులుగా రెండూ కలిసి ఒక రాయిని నోటితో గీకుతున్నాయి. పిచ్చి పట్టిందా? – ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: గుడ్లు పెట్టబోతున్నాయి. రాయిని గీకడం గుడ్లు అంటించే చోటును శుభ్రం చేయడం. ఆడది దాని మీదుగా నెమ్మదిగా పొట్ట ఆనించి కదులుతూ కొన్ని వందల గుడ్లు పెడుతుంది. మగది వెనకే వచ్చి వాటిని ఫలదీకరణం చేస్తుంది. గుడ్లు మొదట నారింజ రంగులో ఉండి, రోజు రోజుకూ నల్లబడి, చివరకు ఒక్కోదానిలో రెండు వెండి చుక్కల్లాంటి కళ్ళు కనిపిస్తాయి. ఆ రోజులలో మగది పక్కరెక్కలతో విసురుతూ, చెడిన గుడ్లను తినేస్తూ కాపలా కాస్తుంది. దాన్ని చూసి గుడ్లు మింగుతోందని భయపడకండి. వారం, పది రోజులలో, చీకటి పడిన తరువాత పిల్లలు బయటికి వస్తాయి. వాటిని పెంచాలంటే రోటిఫర్లనే సూక్ష్మజీవుల మేతను ముందే సిద్ధం చేసుకోవాలి. లేకపోతే ఫిల్టర్‌లోకి పోతాయి. మొదటి కాన్పు పిల్లలను బతికించలేదని బాధపడవద్దు, జోడీ కుదిరాక కొన్ని వారాలకొకసారి పెడుతూనే ఉంటాయి. కొరికే చేపకు మీ చెయ్యి ఒక శత్రువు. రబ్బరు తొడుగు వేసుకోండి.

ప్రశ్న: కొత్త చేప మూడు రోజులుగా తినడం లేదు. మరమరాలు వేసినా ముట్టలేదు. – ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మరమరాలు ముట్టకపోవడం దాని తెలివి. చెరువు చేపలకు వేసే అలవాటుతో వేశారనుకుంటాను. ఇది రొయ్య పిల్లలలాంటి చిన్న జీవులను, నాచును తినే చేప. కొత్తచోట రెండు మూడు రోజులు ఉపవాసం ఉండటం మామూలే. గడ్డకట్టించి అమ్మే మైసిస్ గాని బ్రైన్ ష్రింప్ గాని (రెండూ రొయ్యల్లాంటి చిన్న జీవులే) కరిగించి చిటికెడు, దుకాణంలో ఏది తింటూ కనిపించిందో అదే మొదట పెట్టండి. రెండు నిమిషాలలో తినని మేతను తీసేయండి. వారం దాటినా తినకపోతే, తెల్లని దారాల లాంటి మలం పోతుంటే అప్పుడు రాయండి.

ప్రశ్న: మే నెలలో మా తొట్టి నీరు 32 డిగ్రీలకు చేరింది. చేప వేగంగా ఊపిరి తీస్తోంది, ఒంటి మీద తెల్లగా ఏదో ఉంది. ఇదీ మామూలేనా? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఇది మామూలు కాదు, ఈ శీర్షికలో ఇంతవరకు చెప్పిన ధైర్యం మీకు వర్తించదు. మొదట ఊపిరి లెక్కపెట్టండి. కంటితో చూస్తూ లెక్కిస్తే తప్పుతాము కాబట్టి సెల్‌ఫోనుతో పావు నిమిషం వీడియో తీసి, మొప్పలు ఎన్నిసార్లు తెరుచుకున్నాయో చూసి నాలుగుతో గుణించండి. ఆరోగ్యంగా ఉన్న రోజున తీసిన లెక్క మీ దగ్గర ఉంటే పోల్చడం తేలిక. ఇది చదువుతున్న మిగతావారు ఇవాళే ఆ లెక్క రాసి పెట్టుకోండి.

వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది, చేపకు మాత్రం ఎక్కువ కావలసి వస్తుంది. 25 నుంచి 27 డిగ్రీలు అనువు. నీటి ఉపరితలం మీదికి చిన్న ఫ్యాను తిప్పితే నీరు ఆవిరవుతూ రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఇంట్లో ఎయిర్ కూలర్ సంగతి మీకు తెలిసిందే: పొడిగా ఉండే హైదరాబాద్‌లో చల్లబరిచినంతగా ఉక్కపోసే తీరప్రాంతాలలో చల్లబరచదు, ఫ్యాను కూడా అంతే. అప్పుడు చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) పెట్టడమో, గదికి ఏసీ వేయడమో తప్పదు. ఆవిరైన మేరకు ఉప్పు కలపని ఆర్వో నీటినే పోయాలి. ఉప్పు ఆవిరి కాదు, కనుక ఉప్పునీరే పోస్తూ పోతే తొట్టి ఊరగాయ జాడీ అవుతుంది. తొట్టి నీటి సాపేక్ష సాంద్రత (మంచినీటిది 1) 1.024 నుంచి 1.026 మధ్య ఉండాలి. కరెంటు పోయినప్పుడు పనిచేసే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉండాలి. చేపల వ్యర్థాల వల్ల నీటిలో చేరే విషాలైన అమ్మోనియా, నైట్రైట్‌ల పరీక్ష ఈరోజే చేయండి. వాటిలో ఏ ఒక్కటైనా సున్నా కాకపోతే నాలుగో వంతు నీరు మార్చడమే మొదటి మందు.

ఆ తరువాత ఆ తెలుపు ఏమిటో చూడాలి. ఉప్పు రవ్వల్లా విడివిడి చుక్కలైతే క్రిప్టోకారియన్ అనే తెల్లమచ్చల తెగులు. చేపను టార్చి వెలుగులో పక్కనుంచి చూసినప్పుడు పసుపు పొడి చల్లినట్టు సన్నటి పొర కనిపిస్తే వెల్వెట్. అది రోజులలోనే చంపుతుంది. చుక్కలు కాకుండా జిగురు పాలపొరలా ఊడివస్తుంటే బ్రూక్లినెల్లా. క్లౌన్‌ఫిష్‌కు, అందులోనూ సముద్రంలో పట్టి తెచ్చినవాటికి ఇది ఎంత తరచుగా వస్తుందంటే దాన్నే ‘క్లౌన్‌ఫిష్ జబ్బు’ అంటారు. మొదటి రెంటికీ రాగి మందు వాడతారు, మూడోదానికి ఫార్మాలిన్ స్నానం. ఏదైనా సరే రాయీ ఇసుకా లేని విడి తొట్టిలోనే. ఫార్మాలిన్ మీ ఊపిరితిత్తులకూ మంచిది కాదు కాబట్టి అనుభవం ఉన్నవారి చేత చేయించండి. తెల్లమచ్చల తెగులైతే అసలు తొట్టిని రెండున్నర నెలలపాటు చేపలు లేకుండా ఉంచవలసి వస్తుంది.

ప్రశ్న: తొట్టికి సముద్రపు నీరు తయారుచేసుకునే సాల్ట్ మిక్స్ ఖరీదుగా ఉంది. భీమిలి నుంచి సముద్రపు నీరు తెచ్చి పోయవచ్చా? – ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ఒడ్డున ముంచిన నీటిలో కాలువల మురుగు, పడవల నూనె కలిసి ఉండవచ్చు. వానాకాలం ముగిసే నాటికి నదుల నీరు చేరి మన తీరంలో ఉప్పదనం బాగా పడిపోతుంది కూడా. మిక్స్ ఖర్చు భారమైతే తొట్టిని వాయిదా వేయండి. వంటింటి ఉప్పు ఎన్ని కిలోలు కలిపినా సముద్రపు నీరు కాదు.

ప్రశ్న: మా జోడీలో పెద్దది నాలుగు నెలల క్రితం చనిపోయింది. మిగిలినది ఒంటరిగా బాగానే తింటోంది. దానికి తోడుగా ఏ పరిమాణం చేపను తేవాలి? – ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: మీ దగ్గర ఉన్నదానికంటే తప్పకుండా చిన్నదాన్ని, వీలైతే దానిలో సగమే ఉన్నదాన్ని. చనిపోయినది ఆడది, మిగిలినది మగది. పైన పెద్దది లేదు కాబట్టి అది ఇప్పటికే ఆడదిగా మారి ఉండవచ్చు, లేదా మారుతూ ఉండవచ్చు; ఈ మార్పుకు కొన్ని వారాల నుంచి కొన్ని నెలలు పడుతుంది. ఒకసారి మారాక తిరిగి మగది కాలేదు. అందువల్ల పెద్ద చేపను తెస్తే రెండు ఆడవి ఒకే ఇంట్లో తలపడతాయి. కొత్తదాన్ని విడి తొట్టిలో నెల రోజులు ఉంచి, జబ్బేమీ లేదని తేలాక, చిల్లులున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి పాతదానికి ఎదురుగా మూడు నాలుగు రోజులు వేలాడదీయండి. పాతది డబ్బా మీద విరుచుకుపడటం తగ్గి, లోపలిది దాన్ని చూడగానే పక్కకు వంగి వణకడం మొదలుపెట్టిన రోజు సాయంత్రం దీపం ఆర్పాక మూత తీయండి.